మయలిన్ నిర్మాణంలో కణ గ్రాహకాలు

నిర్వచనం

నాడీకణం నుంచి సంకేతాన్ని దూరానికి మోసుకుపోయే పొడవాటి తంతువు ఆక్సాన్. దాని చుట్టూ పొర మీద పొరగా అమరి ఉండే, కొవ్వులు ఎక్కువగా గల తొడుగు మయలిన్. ఈ తొడుగును నాడీకణం తయారు చేసుకోదు. పక్కనుండే గ్లియల్ కణాలు తమ కణత్వచాన్నే సాగదీసి ఆక్సాన్ చుట్టూ చుడతాయి. మెదడు, వెన్నుపాముల్లో (కేంద్ర నాడీ వ్యవస్థలో) ఈ పని ఆలిగోడెండ్రోసైట్‌లది. వాటి బయట, శరీరమంతా వ్యాపించిన పరిధీయ నరాల్లో ష్వాన్ కణాలది.

ఏ ఆక్సాన్‌కు తొడుగు వేయాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్ని చుట్లు చుట్టాలి అనే విషయాల్లో గ్లియల్ కణానికి దారి చూపేవి గ్రాహకాలు. గ్రాహకం అంటే ఒక నిర్దిష్ట అణువును గుర్తించి, దానితో బంధం ఏర్పరచుకుని, ఆ సమాచారాన్ని కణం లోపలికి చేరవేసే ప్రోటీన్. అది గుర్తించే అణువును లైగాండ్ అంటారు. మయలిన్ విషయంలో లైగాండ్ ఆక్సాన్ ఉపరితలం మీద ఉండవచ్చు, కణాల చుట్టూ ఉండే ఆధార త్వచంలో ఉండవచ్చు, రక్తంలో వచ్చే హార్మోన్ కావచ్చు, నాడీకణం విడుదల చేసే గ్లూటమేట్ వంటి రసాయనమూ కావచ్చు.

పరిధీయ నరాల్లో గ్రాహకాలు ప్రధానంగా ఆక్సాన్ ఇచ్చే ఆదేశాన్ని అందుకుంటాయి. కేంద్ర నాడీ వ్యవస్థలో ముఖ్యమైన గ్రాహకాలు చాలావరకు కణాన్ని తొందరపడకుండా ఆపేవి. మయలిన్ జబ్బులకు జరిగిన ఔషధ ప్రయత్నాలు ఎందుకు ఆపే గ్రాహకాల మీదే సాగాయో ఈ తేడా నుంచే అర్థమవుతుంది.

మయలిన్ నిర్మాణం, ఉపయోగం

తడి తీసేసిన మయలిన్ బరువులో 70 నుంచి 80 శాతం కొవ్వులే. మిగిలినది ప్రోటీన్లు. కేంద్ర నాడీ వ్యవస్థలో ప్రోటియోలిపిడ్ ప్రోటీన్, మయలిన్ బేసిక్ ప్రోటీన్ ముఖ్యమైనవి. పరిధీయ నరాల్లో పి-జీరో అనే ప్రోటీన్ పొరలను ఒకదానికొకటి అంటిపెట్టుకునేలా చేస్తుంది.

తొడుగు ఆక్సాన్ పొడవునా ఏకధాటిగా ఉండదు. మధ్య మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి. వీటిని రాన్‌వియర్ కణుపులు అంటారు. సోడియం మార్గాలు ఈ కణుపుల దగ్గరే గుమిగూడి ఉండడం వల్ల విద్యుత్ సంకేతం కణుపు నుంచి కణుపుకు దూకుతూ పోతుంది. తొడుగు లేని సన్నని తంతువుల్లో సంకేత వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లు. తొడుగు ఉన్న లావు తంతువుల్లో అది 100 మీటర్ల దాకా చేరుతుంది.

ఒక ష్వాన్ కణం ఒకే ఆక్సాన్ మీద, ఒకే ఖండానికి తొడుగు వేస్తుంది. ఒక ఆలిగోడెండ్రోసైట్ తన శాఖలను చాచి అనేక ఆక్సాన్ల మీద పదుల సంఖ్యలో ఖండాలకు తొడుగు వేయగలదు. పరిధీయ నరాల్లో సాధారణంగా సుమారు 1 మైక్రోమీటరు, అంతకు మించిన వ్యాసం గల ఆక్సాన్లకే తొడుగు ఉంటుంది. కేంద్ర నాడీ వ్యవస్థలో అంతకంటే సన్నని వాటికి కూడా ఉంటుంది. ఆక్సాన్ వ్యాసాన్ని తొడుగుతో కలిపిన మొత్తం వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యను జి-నిష్పత్తి అంటారు. పరిధీయ నరాల్లో ఇది సాధారణంగా 0.6, 0.7 మధ్య ఉంటుంది. ఆక్సాన్ లావైతే తొడుగూ అదే దామాషాలో మందంగా ఉంటుందన్నమాట. గ్లియల్ కణానికి ఆక్సాన్ లావు ఎలా తెలుస్తుందన్నది గ్రాహకాల పరిశోధనను ముందుకు నడిపిన ప్రశ్న.

అధ్యయన చరిత్ర

థియోడోర్ ష్వాన్ 1830ల చివర్లో నరాల్లో ఉండే తొడుగు కణాలను వర్ణించాడు. 1854లో రుడోల్ఫ్ ఫిర్కో ఆ కొవ్వు పదార్థానికి మయలిన్ అని పేరు పెట్టాడు. 1870లలో లూయీ రాన్‌వియర్ కణుపులను వివరించాడు. 1921లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా ఆలిగోడెండ్రోసైట్‌లకు పేరు పెట్టి, వాటిని ఇతర గ్లియల్ కణాల నుంచి వేరు చేసి చూపాడు. అయినా మయలిన్ ఆక్సాన్ నుంచి ఊరే పదార్థమా, మరో కణం తయారీనా అన్న వాదం చాలాకాలం సాగింది.

దానికి సమాధానం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇచ్చింది. 1954లో బెట్టీ బెన్ గెరెన్ కోడిపిండం నరాలను వివిధ దశల్లో పరిశీలించి, మయలిన్ అనేది ష్వాన్ కణపు పొరే సర్పిలంగా చుట్టుకోవడం వల్ల ఏర్పడుతుందని చూపింది. తొలి దశ నరాల్లో ఒకటి రెండు చుట్లు, ముదిరిన నరాల్లో గట్టిగా అదిమిన అనేక చుట్లు కనిపించాయి. 1961లో బంగే దంపతులు, హాన్స్ రిస్ పిల్లి వెన్నుపాములో మయలిన్ తిరిగి ఏర్పడడాన్ని వర్ణించారు.

తొడుగు వేయమనే ఆదేశం ఎవరిదన్నది 1976లో తేలింది. మాంట్రియల్‌లో ఆల్బర్ట్ అగ్వాయో బృందం చుంచెలుకల్లో, సహజంగా మయలిన్ దాదాపు ఉండని మెడ సహానుభూత నరం ముక్కను తీసి, మయలిన్ ఉండే కాలి నరంలో అతికింది. అతికిన ముక్కలోని ష్వాన్ కణాలకు ముందే రేడియోధార్మిక గుర్తు పెట్టారు. కాలి నరపు ఆక్సాన్లు ఆ ముక్కలోకి పెరిగాక చూస్తే, అంతవరకు తొడుగు వేయని ఆ కణాలే మయలిన్ చుడుతూ కనిపించాయి. అంటే లోపం కణాల్లో లేదు, వాటికి అందే సంకేతంలో ఉంది. ఆ సంకేతం ఏమిటో, దాన్ని అందుకునే గ్రాహకం ఏదో తేలడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది.

పరిధీయ నరాలు: న్యూరెగ్యులిన్, ఎర్బ్‌బి గ్రాహకాలు

ఆక్సాన్ ఉపరితలం మీద ఉండే న్యూరెగ్యులిన్-1 అనే ప్రోటీనే ఆ సంకేతం. దీనికి అనేక రూపాలున్నాయి. మయలిన్‌కు కీలకమైనది మూడో రకం. అది ఆక్సాన్ పొరలోనే నాటుకుని ఉంటుంది కాబట్టి ష్వాన్ కణం ఆక్సాన్‌ను తాకితేనే సంకేతం అందుతుంది.

ష్వాన్ కణం వైపు దాన్ని అందుకునేవి ఎర్బ్‌బి2, ఎర్బ్‌బి3 అనే గ్రాహకాల జత. ఈ జతలో పని పంపకం విచిత్రమైనది. న్యూరెగ్యులిన్‌ను పట్టుకునేది ఎర్బ్‌బి3, కానీ దాని సొంత కైనేజ్ ఎంజైమ్ శక్తి చాలా బలహీనం. ఎర్బ్‌బి2కు నేరుగా అంటుకునే లైగాండ్ ఏదీ తెలియదు, కానీ దాని ఎంజైమ్ చురుకైనది. రెండూ కలిస్తేనే సంకేతం లోపలికి పోతుంది. రొమ్ము క్యాన్సర్ పరీక్షల్లో హెర్2 అనే పేరుతో కనిపించేది ఈ ఎర్బ్‌బి2 గ్రాహకమే.

ఈ జత ష్వాన్ కణానికి పిండ దశలోనూ, పుట్టాకా అవసరమే గానీ, ఒక్కో దశలో ఒక్కో పనికి. పిండ దశలో పూర్వ కణాలు బతకడానికి, ఆక్సాన్ల వెంట వలస పోవడానికి, సంఖ్య పెరగడానికి ఇది కావాలి. ఎర్బ్‌బి3 లేని చుంచెలుక పిండాల నరాల్లో ష్వాన్ కణాలు దాదాపు కనిపించవు. పుట్టాక తొడుగు చుట్టే దశలో ఇదే జత మందాన్ని నిర్ణయిస్తుంది. 2004లో క్లాస్-ఆర్మిన్ నావె బృందం న్యూరెగ్యులిన్-1 జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న చుంచెలుకల్లో తొడుగు పలుచబడిందని, నాడీకణాల్లో మూడో రకాన్ని ఎక్కువగా తయారు చేయిస్తే తొడుగు మామూలు కంటే మందమైందని చూపింది. ఆక్సాన్ లావు మారలేదు, చుట్ల సంఖ్య మారింది. లావు ఆక్సాన్ మీద న్యూరెగ్యులిన్ మొత్తం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ష్వాన్ కణం ఆక్సాన్ లావును ఈ అణువు మోతాదు ద్వారా పసిగడుతుందన్న వివరణకు ఇది బలమైన ఆధారం. మరుసటి ఏడాది కార్లా తవెజ్జియా, జేమ్స్ సాల్జర్ తదితరులు కణవర్ధనంలో, సహజంగా మయలిన్ ఉండని సహానుభూత ఆక్సాన్లలో మూడో రకాన్ని ప్రవేశపెట్టి, ష్వాన్ కణాలు వాటికీ తొడుగు వేసేలా చేశారు. అగ్వాయో ప్రయోగం అడిగిన ప్రశ్నకు ఇది అణుస్థాయి జవాబు.

న్యూరెగ్యులిన్‌ను కత్తిరించే ఎంజైమ్‌లు కూడా ఈ నియంత్రణలో భాగమే. బేస్1 ఎంజైమ్ కత్తిరింపు దాన్ని చురుకు చేస్తుంది. 2006లో బేస్1 లేని చుంచెలుకల్లో పలుచని తొడుగు కనిపించింది. అల్జైమర్స్ వ్యాధిలో పేరుకునే ప్రోటీన్ తునకలను తయారు చేసేది ఇదే ఎంజైమ్ కాబట్టి, దాన్ని అడ్డుకునే మందులను ఆలోచించినవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. టేస్ అనే మరో ఎంజైమ్ కత్తిరింపు దీనికి విరుద్ధంగా మయలిన్‌ను తగ్గిస్తుంది.

తొడుగు పూర్తయ్యాక ఈ సంకేతం అవసరం బాగా తగ్గుతుంది. పెద్దయిన చుంచెలుకల్లో ఎర్బ్‌బి2ను తీసేసినా ఉన్న తొడుగు నిలిచే ఉంటుంది. నరం తెగి మళ్లీ తొడుగు వేయవలసి వచ్చినప్పుడు న్యూరెగ్యులిన్ లోటు బయటపడుతుంది.

జీపీఆర్126 గ్రాహకం

ష్వాన్ కణంలో మయలిన్ మొదలు కావడానికి న్యూరెగ్యులిన్ ఒక్కటే చాలదు. కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరగాలని కణవర్ధన ప్రయోగాల వల్ల చాలాకాలంగా తెలుసు. దాన్ని పెంచే గ్రాహకం ఏదన్నది జీబ్రా చేపల్లో దొరికింది. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో విలియం టాల్బట్ ప్రయోగశాలలో కెల్లీ మంక్ తదితరులు జీపీఆర్126 జన్యువు చెడిన చేపలను పరిశీలించారు. వాటిలో ష్వాన్ కణాలు పుట్టాయి, ఆక్సాన్ల వెంట పోయాయి, ఒక్కో ఆక్సాన్‌ను విడదీసి పట్టుకున్నాయి కూడా. కానీ చుట్టడం మొదలుపెట్టలేదు, అక్కడే ఆగిపోయాయి. మెదడు, వెన్నుపాముల్లో మయలిన్ మాత్రం మామూలుగానే ఏర్పడింది. ఆ చేపపిల్లలను సైక్లిక్ ఏఎంపీని పెంచే ఫోర్స్‌కోలిన్ కలిపిన నీటిలో ఉంచితే, మయలిన్ బేసిక్ ప్రోటీన్ తయారీ తిరిగి మొదలైంది. గ్రాహకం పని ఏమిటో, దాని తర్వాతి మెట్టు ఏమిటో ఒకే ప్రయోగం చూపింది.

జీపీఆర్126 అతుకుడు తరహా జి-ప్రోటీన్ గ్రాహకాల కుటుంబానికి చెందినది. ఈ గ్రాహకాల బయటి భాగం చాలా పొడవు. తయారైన తర్వాత అది ఒక చోట తనను తానే కత్తిరించుకుంటుంది, అయినా రెండు ముక్కలూ కలిసే ఉంటాయి. కత్తిరింపు చోట దాగి ఉన్న చిన్న పెప్టైడ్ బయటపడితే అదే గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుంది. ఆధార త్వచంలోని నాలుగో రకం కొల్లాజెన్, లామినిన్-211 ఈ గ్రాహకానికి లైగాండ్లని తేలింది. లామినిన్ ప్రభావం యాంత్రిక బలంతో ముడిపడి ఉంటుంది. కాబట్టి ఆధార త్వచం చుట్టూ గట్టిపడిందన్న సమాచారమే తొడుగు మొదలుపెట్టమన్న సంకేతంగా మారుతుందని భావిస్తారు. 2016లో మరో లైగాండ్ కనిపించింది: ప్రయాన్ ప్రోటీన్ తోక భాగం. ప్రయాన్ వ్యాధుల వల్ల చెడ్డపేరున్న ఈ ప్రోటీన్, మామూలు రూపంలో నరాల తొడుగును కాపాడుతుంది. అది లేని చుంచెలుకల్లో నరాల మయలిన్ క్రమంగా దెబ్బతింటుంది.

ఆధార త్వచం గ్రాహకాలు

తొడుగుకు ముందు ష్వాన్ కణాలు ఆక్సాన్ల కట్టల్లోకి చొరబడి ఒక్కో లావు ఆక్సాన్‌ను విడదీస్తాయి. బీటా-1 ఇంటెగ్రిన్‌లు, డిస్ట్రోగ్లైకాన్ ఈ దశలో లామినిన్‌ను గుర్తించే గ్రాహకాలు. లామినిన్ ఆల్ఫా-2 లోపించిన జన్మజాత కండర క్షీణతలో కండరాలతో పాటు నరాల మయలిన్, మెదడు తెల్ల పదార్థం కూడా మార్పు చెందడానికి కారణం ఇదే. ఆక్సాన్‌ను, ష్వాన్ కణాన్ని అంటిపెట్టే నెక్టిన్ తరహా అణువులు, కణుపుల దగ్గర న్యూరోఫాసిన్, గ్లియోమెడిన్ వంటివి తర్వాతి అమరికను చూసుకుంటాయి (చూ. రాన్‌వియర్ కణుపులు).

కణం లోపలి మార్గాలు

ఎర్బ్‌బి జత ఉత్తేజితమైతే పీఐ3-కైనేజ్, ఏకేటీ, ఎమ్‌టార్ వరుస, ఈఆర్‌కే వరుస కదులుతాయి. జీపీఆర్126 సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. ఈ దారులు కలిసి అక్ట్6, తర్వాత క్రాక్స్20 అనే జన్యు నియంత్రక ప్రోటీన్లను మేల్కొలుపుతాయి. మయలిన్ ప్రోటీన్లు, కొవ్వుల తయారీకి సంబంధించిన జన్యువులను నడిపించేది ప్రధానంగా క్రాక్స్20. మనుషుల్లో దీని జన్యువు చెడితే షార్కో-మేరీ-టూత్ తరహా నర వ్యాధి వస్తుంది.

ఇక్కడ మోతాదు చాలా ముఖ్యం. ఈఆర్‌కే మార్గం పరిమితంగా పనిచేస్తే తొడుగు పెరుగుతుంది. అదే మార్గాన్ని ఎక్కువసేపు బలంగా నడిపిస్తే ష్వాన్ కణం తొడుగును వదిలేసి అపరిణత దశకు తిరిగి వెళ్తుంది. నరం తెగినప్పుడు శిథిలాలను తొలగించి మరమ్మతు చేయడానికి ఈ వెనకడుగు అవసరం. ఆరోగ్యంగా ఉన్న నరంలో అదే జరిగితే జబ్బు.

చుట్టడం అనే చర్య కూడా ఊహించినట్టు ఉండదు. తలపాగా చుట్టినట్టు కొత్త చుట్టు పైన పడదు. ఆలిగోడెండ్రోసైట్‌లపై 2014లో వచ్చిన పరిశీలనల ప్రకారం, పెరిగే అంచు అన్నిటికంటే లోపల, ఆక్సాన్‌ను తాకుతూ, పాత పొరల కిందుగా ముందుకు జరుగుతుంది. కొత్త పొర ఎప్పుడూ ఆక్సాన్ పక్కనే ఉంటుంది. ఆక్సాన్ మీది సంకేతాలను చివరిదాకా అందుకోగల భాగం అదే.

కేంద్ర నాడీ వ్యవస్థ: సంకేతాల తీరు

పరిధీయ నరాల్లో అంత నిర్ణాయకమైన న్యూరెగ్యులిన్, మెదడులో తప్పనిసరి కాదని 2008లో తేలింది. నాడీకణాల్లో దాన్ని పూర్తిగా తీసేసిన చుంచెలుకల్లో కూడా కేంద్ర నాడీ వ్యవస్థ మయలిన్ ఏర్పడింది. మోతాదు పెంచితే మాత్రం మయలిన్ పెరిగింది. 2012లో మరింత స్పష్టమైన ఆధారం వచ్చింది. జోనా చాన్ బృందం పాలిమర్‌తో చేసిన సన్నని నారల మధ్య ఆలిగోడెండ్రోసైట్‌లను పెంచింది. నార 0.4 మైక్రోమీటర్ల కంటే లావుగా ఉంటే చాలు, ఏ జీవ సంకేతమూ లేకపోయినా కణాలు వాటి చుట్టూ చుట్టుకున్నాయి. ఈ కణానికి చుట్టే గుణం స్వతహాగా ఉంది. అందువల్ల ఇక్కడ గ్రాహకాల పని ముఖ్యంగా సమయాన్ని, సంఖ్యను, చోటును నియంత్రించడం.

ఆలిగోడెండ్రోసైట్‌లకు మూలం వాటి పూర్వకణాలు. పెద్దవాళ్ల మెదడు కణాల్లో దాదాపు 5 శాతం ఇవే. వీటి మీద ఉండే పీడీజీఎఫ్ ఆల్ఫా గ్రాహకం విభజనను ప్రోత్సహిస్తుంది. కణవర్ధనంలో ఆ వృద్ధి కారకాన్ని తీసేస్తే కణాలు విభజన మాని ఆలిగోడెండ్రోసైట్‌లుగా మారతాయి. అతుకుడు కుటుంబానికి చెందిన జీపీఆర్56 కూడా పూర్వకణాలను విభజన దశలో ఉంచుతుంది. దాని లైగాండ్‌లలో ఒకటైన ట్రాన్స్‌గ్లుటమినేజ్ ఎంజైమ్‌ను మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియా అందిస్తాయి. జీపీఆర్56 చెడిన పిల్లల్లో మెదడు ముడతల లోపంతో పాటు తెల్ల పదార్థంలోనూ తేడాలు కనిపిస్తాయి.

కణాన్ని నిలువరించే గ్రాహకాలు పలు రకాలు. ఆక్సాన్ మీది జాగెడ్1ను అందుకునే నాచ్ గ్రాహకం విభేదనాన్ని, అంటే పూర్వకణం ముదిరిన కణంగా మారడాన్ని, ఆపుతుంది. జీపీఆర్17 ముదరబోతున్న కణాన్ని మధ్య దశలో పట్టి ఉంచుతుంది. లింగో-1 అనేది కణపు శాఖలు, తొడుగు పెరగడాన్ని తగ్గిస్తుంది. అసిటైల్‌కోలిన్‌ను గుర్తించే ఎం1 మస్కరినిక్ గ్రాహకం కూడా ఈ కోవకే చెందుతుంది.

థైరాయిడ్ హార్మోన్ గ్రాహకాలు వీటికి భిన్నం. అవి కణం ఉపరితలం మీద కాక కేంద్రకంలో ఉంటాయి, పూర్వకణాన్ని పరిణతి వైపు నడిపిస్తాయి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న శిశువుకు సకాలంలో హార్మోన్ అందకపోతే మయలిన్ ఆలస్యమవుతుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి టీఎస్‌హెచ్ పరీక్షించడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి (చూ. నవజాత శిశు పరీక్షలు).

నాడీ కార్యకలాపం, అభ్యాసం

మనిషిలో మయలిన్ నిర్మాణం గర్భంలో మొదలై, మెదడు ముందు భాగాల్లో మూడో దశాబ్దం దాకా సాగుతుంది. ఇంత దీర్ఘకాలం సాగే ప్రక్రియ అనుభవంతో మారుతుందా అన్న ప్రశ్న సహజం. 2000లో డ్వైట్ బర్గిల్స్ తదితరులు హిప్పోకాంపస్‌లో నాడీకణాలు ఆలిగోడెండ్రోసైట్ పూర్వకణాలతో నేరుగా సైనాప్స్‌లు ఏర్పరచుకుంటాయని, పూర్వకణాల మీది గ్లూటమేట్ గ్రాహకాలు ఆ సంకేతాన్ని అందుకుంటాయని చూపారు. నాడీకణం కాని కణానికి సైనాప్స్ ఉండడం అప్పటికి ఊహించని విషయం. 2014లో చుంచెలుకల చలన వల్కలంలోని నాడీకణాలను కాంతితో ఉత్తేజపరిస్తే పూర్వకణాల విభజన, తొడుగు మందం పెరిగాయి. అదే ఏడాది మరో ప్రయోగంలో, కొత్త ఆలిగోడెండ్రోసైట్‌లు ఏర్పడకుండా చేసిన చుంచెలుకలు, మెట్లు అసమంగా అమర్చిన చక్రం మీద పరుగెత్తడం సరిగా నేర్చుకోలేకపోయాయి.

వ్యాధులు

మనుషుల్లో ఎర్బ్‌బి3, జీపీఆర్126 జన్యువులు తీవ్రంగా చెడితే శిశువు కీళ్లు ముడుచుకుపోయి పుట్టడం, పుట్టిన కొద్దికాలంలోనే చనిపోవడం జరుగుతాయి. ఇవి చాలా అరుదు.

కుష్ఠు. ప్రపంచంలో ఏటా నమోదయ్యే కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా భారతదేశంలోనే ఉండడం వల్ల మన పాఠకులకు ఇది ముఖ్యం. మైకోబ్యాక్టీరియం లెప్రే ష్వాన్ కణాల్లోకి చొరబడే బ్యాక్టీరియా. 1998లో అనురా రంబుక్కన బృందం, ఈ బ్యాక్టీరియా లామినిన్‌ను ఆసరాగా చేసుకుని డిస్ట్రోగ్లైకాన్ గ్రాహకం ద్వారా ష్వాన్ కణానికి అంటుకుంటుందని చూపింది. 2006లో అదే బృందం మరో సంగతి బయటపెట్టింది. బ్యాక్టీరియా ఎర్బ్‌బి2కు నేరుగా అంటుకుని, ఎర్బ్‌బి3 జత లేకుండానే దాన్ని ఉత్తేజపరుస్తుంది. ఈఆర్‌కే మార్గం అతిగా నడిచి కణం తొడుగును వదిలేస్తుంది. ఎర్బ్‌బి2ను అడ్డుకునే మందులతో ప్రయోగశాలలో, చుంచెలుకల్లో ఈ నష్టం తగ్గింది. తొడుగు వేయమని చెప్పే గ్రాహకాన్నే బ్యాక్టీరియా తొడుగు తీసేయడానికి వాడుకుంటోంది. రోగుల్లో నరాలు దెబ్బతినడానికి ఇదొక్కటే కారణం కాదు. రోగనిరోధక ప్రతిచర్య వల్ల వచ్చే వాపు చాలా నష్టం చేస్తుంది. తిమ్మిరెక్కిన మచ్చ, మోచేతి దగ్గర ఉబ్బిన నరం కనిపించినప్పుడే బహుళ ఔషధ చికిత్స మొదలుపెడితే వేళ్లు వంగిపోకుండా కాపాడుకోవచ్చు (చూ. కుష్ఠు).

మల్టిపుల్ స్క్లెరోసిస్. రోగనిరోధక వ్యవస్థ మెదడు, వెన్నుపాముల్లోని మయలిన్‌పై దాడి చేసే ఈ వ్యాధిలో, దెబ్బతిన్న చోట పూర్వకణాలు చాలాసార్లు ఉంటాయి గానీ పరిణతి చెందక ఆగిపోతాయి. అందుకే చికిత్స ప్రయత్నాలు నిలువరించే గ్రాహకాల మీద కేంద్రీకృతమయ్యాయి. లింగో-1ను అడ్డుకునే ప్రతిరక్షకం ఒపిసినుమాబ్ జంతువుల్లో ఆశాజనకంగా కనిపించినా, రోగులపై పరీక్షల్లో ప్రధాన లక్ష్యాలను అందుకోలేదు. 2020లో దాని అభివృద్ధి ఆగిపోయింది. ఎం1 గ్రాహకాన్ని అడ్డుకునే క్లెమాస్టిన్ అలర్జీకి వాడే పాత మందు. 2017లో ప్రచురితమైన పరీక్షలో 50 మంది రోగులకు దాన్ని ఇచ్చి, కంటి నుంచి మెదడుకు సంకేతం చేరే సమయాన్ని కొలిచారు. ఆలస్యం సుమారు 1.7 మిల్లీసెకన్లు తగ్గింది. ఏళ్ల తరబడి దెబ్బతిని ఉన్న మార్గంలో ఈ మాత్రం మెరుగుదల కనిపించడం, పెద్దవాళ్లలో కూడా మయలిన్ మరమ్మతును మందుతో కదిలించవచ్చనడానికి ఆధారంగా నిలిచింది. అయితే రోజువారీ చూపులో దాని ప్రభావం స్వల్పమే, మందుతో అలసట పెరిగింది. క్రమంగా ముదిరే రకం రోగులపై జరిగిన మరో పరీక్షలో కొందరికి వైకల్యం వేగంగా పెరగడంతో క్లెమాస్టిన్ ఇవ్వడం ఆపేశారు.